తడి గొడుగులకు మొదటి స్థానం

తొమ్మిది ఖరారయ్యాయి. మొదటి స్థానం మాత్రం ఖాళీగా ఉంది. కళ్లద్దాలాయన కలం పెదవులకు ఆనించుకుని, వాన వెలిసిన వీధిని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

వారమంతా అతను కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఆదివారం వస్తే రికార్డుల ముందు చేరతాడు, ఇక ఇల్లు పట్టదు. ఏటా తనకు నచ్చిన పది రాక్, చిన్న బ్యాండ్లు సొంతంగా వేసుకునే ఇండీ ఆల్బమ్‌ల గురించి ఒక సంగీత పత్రికకు రాస్తాడు. పదకొండేళ్లుగా ఆ పేజీ అతనిదే. అదంటే అతనికి ప్రాణం. నిరుడు అతను మొదటి స్థానం ఇచ్చిన బ్యాండును పాఠకులు ఏకిపారేశారు. "ఈసారి కూడా ఇలాగే అయితే పేజీ వేరేవాళ్లకి ఇవ్వాల్సి వస్తుందండీ" అని ఎడిటరమ్మ మర్యాదగానే చెప్పింది. అంత మర్యాదగా చెప్పింది కాబట్టే అతనికి భయం. జాబితా ఐదింటికల్లా పంపాలి. ఇప్పుడు మూడున్నర.

"ఇంకా తేలలేదా?" భార్య టీ తెచ్చి, తన కప్పుతో ఎదురుగా కూర్చుంది.

"తేలింది. రాయడానికే ధైర్యం చాలట్లేదు. 'పదమూడో ప్లాట్‌ఫాం' బ్యాండుకి ఇస్తే ఎవరూ నోరెత్తరు. ఎక్కడ చూసినా వాళ్ల పాటలే. నా మనసేమో 'తడి గొడుగులు' దగ్గర ఉండిపోయింది."

ఆ తడి గొడుగులు ఎవరో ఎవరికీ తెలియదు. వేసవిలో టపాలో వచ్చిన రికార్డు అది. బూడిదరంగు అట్ట మీద బ్యాండు పేరు తప్ప ఇంకో అక్షరం లేదు. మొదటిసారి వినగానే అతను దానికి పడిపోయాడు. గిటార్లు నీళ్లలో నడుస్తున్నట్టు సాగుతాయి. డ్రమ్ము ఒక్కో దెబ్బకీ ఆలోచించుకుంటుంది. వాటి మీద ఒక మగగొంతు, బరువుగా, నిద్రలో పలవరిస్తున్నట్టు. మాటలు సగమే తెలుస్తాయి. మధ్యాహ్నం ఆ రికార్డు పెట్టుకుని పడక్కుర్చీలో కళ్లు మూసుకుంటే గది గోడలు మెల్లగా దూరం జరిగేవి. పంతొమ్మిదో ఏట బస్సు కిటికీకి తల ఆనించుకుని ఎక్కడికో వెళ్లిన ఒక సాయంత్రం తిరిగొచ్చి పక్కన కూర్చునేది.

"పాడింది ఎవరంటారు?" అడిగింది భార్య.

"యాభై దాటినవాడు. బాగా దెబ్బతిన్నవాడు. సిగరెట్లు మానలేనివాడు."

ఆమెకు పొలమారింది.

"నవ్వుతావేం? గొంతు వింటే మనిషెవరో చెప్పేస్తాను నేను."

"నవ్వలేదండీ, పొలమారింది. నాకైతే కాస్త నెమ్మదిగా అనిపిస్తుంది. మీ మిషను సరిగ్గానే తిరుగుతోందంటారా?"

"ఆ నెమ్మదే దాని గొప్పతనం. అలా పాడాలంటే ఎంత సాధన కావాలో నీకేం తెలుసు? నువ్వు కుట్టు క్లాసుకి వెళ్లొచ్చినంత తేలికా?"

రెండేళ్లుగా ఆమె ప్రతి గురువారం కుట్టు క్లాసుకు వెళ్తోంది. ఇంతవరకు ఒక్క చేతిరుమాలు ఇంటికి రాలేదు. దాని మీద అతని జోకులు ఎప్పుడో అరిగిపోయాయి.

"అయితే ప్లాట్‌ఫాం వాళ్లకే ఇచ్చేయండి," అంది ఆమె కప్పులోకి చూస్తూ. "పేజీ అయినా దక్కుతుంది."

అతను జాబితా దగ్గరికి లాక్కున్నాడు. "వద్దు. పోతే పోనీ. ఈ ఏడాది నన్ను మనిషిని చేసింది ఆ పాటలే. అబద్ధం రాసి దక్కించుకున్న పేజీ నాకెందుకు?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "పొలమారితే ఇంతే," అని కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

అతను రాసి పంపేశాడు. అరగంటకే ఎడిటరమ్మ ఫోను.

"ఏమండీ, ఈ రికార్డు మీరు నిజంగా విన్నారా?"

"నలభైసార్లు."

"నిద్రలో పలవరించే మగగొంతు అని రాశారు. మాకూ ఒక కాపీ వచ్చింది, వెతికి ఇప్పుడే పెట్టాను. పాడుతున్నది ఆడమనిషి! నిద్రా లేదు, పాడూ లేదు. లేచి గంతులేయాలనిపిస్తోంది."

"నా దగ్గర అలా లేదే..."

"ఏ స్పీడులో పెట్టారు?"

"నిమిషానికి ముప్పైమూడు చుట్లు. పెద్ద రికార్డులన్నీ అంతేగా?"

"ఇది నలభై అయిదండీ. నెమ్మదిగా తిప్పితే ఆడగొంతు కూడా మగగొంతైపోతుంది. పెద్దవి కూడా కొందరు అలా వేస్తారు. మీకు నేను చెప్పాలా?"

అద్దం మందంలో వెంట్రుకవాసి తేడా పట్టుకునే మనిషి, ఏడు నెలలపాటు లేని మగవాడి గొంతును ప్రేమించాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"సరైన స్పీడులో వినండి," అంది ఎడిటరమ్మ. "అప్పుడు కూడా మొదటి స్థానమే అంటారా, ఇప్పుడే చెప్పండి. నేను లైన్లో ఉంటాను."

అతను ఫోను పక్కన పెట్టి స్పీడు మీట నలభై అయిదుకి జరిపాడు. భార్య గుమ్మంలోకి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది.

"నువ్వూ విను," అన్నాడు అతను. ఆమె కదల్లేదు.

ముల్లు దిగింది. గిటార్లు నీళ్లలోంచి ఒడ్డెక్కి పరుగెత్తాయి. ఆ ముసలి గొంతు ఎటో వెళ్లిపోయింది. దాని చోట సన్నగా, తేటగా, భయం లేని గొంతు. కల చెదరలేదు, కలలో తెల్లారినట్టయింది. ఇన్నాళ్లూ సగమే తెలిసిన మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తున్నాయి. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫోను అందుకున్నాడు. "మొదటి స్థానమే. పేజీ తీసేసినా సరే, మార్చను."

"నేనూ అదే అనుకున్నా. ఆ మగగొంతు సంగతి మాత్రం మార్చి రాయండి," అని ఎడిటరమ్మ నవ్వింది. "ఇంతకీ ఎవరండీ ఈవిడ?"

తెలియదని చెప్పబోయాడు. పాటలో ఆవిడ ఒకచోట ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి అతను రోజూ ఇంట్లో వినేదే. అతను మెల్లగా గుమ్మం వైపు తల తిప్పాడు.

రికార్డులో పాడుతున్నది అతని భార్య.