రెండో దారి

“బొగ్గుబాయికి రెండు దారులుండాలె. ఒకటి కూలితే రెండోదాంట్లకెళ్లి బయటపడుతం. నెట్‌కు గూడ గంతే,” అన్నడు పోశం. బాయిల రిటైరై నెట్ సెంటర్ పెట్టిండు. రేపు పరీక్ష దరఖాస్తులకు ఆఖరి రోజని, గోడకు బెజ్జం కొట్టి, పక్క జిరాక్స్ షాపు ఖైజర్ నెట్ నుంచి ఇంకో వైరు గుంజిండు.

“ఇప్పుడు టెస్టెందుకు నాయినా,” అన్నది బిడ్డ దీప.

“దారి నడిసి చూడకుంటే ఎట్ల?” పోశం పాత వైరు పీకిండు.

కొత్త వైరు మీద గూడ నెట్ రాలే.

ఖైజర్ ఉరికొచ్చిండు. “కాకా, నా నెట్ పోయింది.”

“నీది వేరే కదరా?”

“అది ఎప్పుడో తీసేయించిన. నా రూటర్ గూడ మీ వైఫై మీదనే నడుపుతున్న. దీప పాస్‌వర్డ్ చెప్పింది.”

దీప తుడిచిన కీబోర్డే మళ్ల తుడుస్తున్నది.

పోశం ఇద్దరి దిక్కు చూసిండు. “ముప్పై ఏండ్లు బాయిల చేసిన. నాకు తెల్వకుంట ఈ దారి ఎప్పుడు తవ్విన్రు బిడ్డా?”