సంతలో ఖాళీ చోటు

ఏరు రెండుసార్లు పొంగిన ఏడు, శ్రావణంలో జరిగిందిది. అడవిలోకి కొత్త కాపురాలు చాలా వచ్చిన కాలం. ప్రతి మంగళవారం గుట్ట కింద సంతలో ఎవరు పండించింది వాళ్ళు తెచ్చి అమ్ముకునేవారు. ఎవరి చోటు ఖాళీగా కనిపించినా, ఏమైందో కనుక్కోవడానికి సాయంత్రానికల్లా ఎవరో ఒకరు వాళ్ళ గుమ్మంలో ఉండేవారు.

"వానలో సంతకెందుకమ్మా? సరుకు మీ గడపలోనే తీసుకుంటాను, కావలసింది తెచ్చిస్తాను," అని ఇంటింటికీ తిరిగి చెప్పింది నక్క.

ముల్లంగి పండించే కుందేలు అందరికంటే ముందు ఒప్పుకుంది. సంత ఆగిపోయింది. ముళ్లపంది తాత ఒక్కడే దుంపలు పట్టుకెళ్ళి కూర్చునేవాడు.

"ఎవరికమ్ముతావు తాతా, గుట్టకా?" అని నవ్వింది కుందేలు.

ఒక సోమవారం పొద్దున గట్టు విరిగి బొరియ మూసుకుపోయింది. లోపల కుందేలు, నాలుగు పిల్లలు. తవ్వినకొద్దీ బురద జారుతోంది.

"ముల్లంగి ఉందా?" అని పైన నక్క కేకేసింది.

కుందేలు గొంతు చించుకుంది. ఆ గొంతు బురద దాటలేదు.

"పలకరేం? సరే, పక్కింట్లో తీసుకుంటాలే!" నక్క వెళ్ళిపోయింది.

"భయపడకండి. రేపు సంతలో మన చోటు ఖాళీగా చూసి..." అని పిల్లలతో అనబోయి, కుందేలు ఆగిపోయింది.

గురువారం మధ్యాహ్నం బురదలోంచి తాత మూతి కనిపించింది.

"ఈ వానకి ఎవరికేమైందోనని సంతలో చూస్తే అన్ని చోట్లూ ఖాళీయేనమ్మా, ముందు ఎవరింటికని వెళ్ళను? గుమ్మం గుమ్మం తట్టుకుంటూ వచ్చాను," అన్నాడు రొప్పుతూ.

అప్పటికి నాలుగు పిల్లల్లో రెండే బతికి ఉన్నాయి.