మొదట ఏం చేస్తావు?

"మళ్ళీ చంపేశావు!" వెర్లిన్ ప్రశ్నల పుస్తకాన్ని టేబుల్ మీదకు విసిరాడు. "ఈసారి పేషెంటును కాదు, నిన్ను నువ్వే."

మార్లిస్‌కు ఒళ్ళు మండింది. "కారులో మనిషి ఇరుక్కుని అరుస్తున్నాడు. పరిగెత్తుకెళ్ళి లాగుతానన్నాను. తప్పేముంది?"

"కారు మీద కరెంటు తీగ పడి ఉంది. చదివావా?"

"చదివాను. మనిషి అరుస్తున్నాడన్నది కూడా చదివాను."

"అదే నీ రోగం. నీకు మనిషి కనబడతాడు, తీగ కనబడదు. పరీక్షలో రెండుసార్లు బోల్తా కొట్టింది అందుకే."

మార్లిస్ ఆ ఊరి బడిలో వంట చేస్తుంది. వెర్లిన్ పాడి రైతు, విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊరి అంబులెన్సుకు పెద్ద దిక్కు. ఇద్దరిదీ జీతం లేని సేవే. అయితే రోగికి వైద్యం చేసే సర్టిఫికెట్ ఉన్నవాళ్ళలో ఇక మిగిలింది వెర్లిన్ ఒక్కడే. నెలాఖరులోగా రెండో మనిషి పాసు కాకపోతే బండి మూలన పడుతుంది. ఆ తర్వాత ఊళ్ళో ఎవరికి గుండె ఆగినా నలభై మైళ్ళ అవతల నుంచి సాయం రావాలి.

"పరీక్ష పెట్టే ఆ కంప్యూటరు గడుసుది," అన్నాడు వెర్లిన్. "సరిగ్గా చెబితే ఇంకా కష్టమైంది అడుగుతుంది, తప్పితే ఒక మెట్టు దించుతుంది. నీ సంగతి తేలిపోయిందనుకోగానే టక్కున ఆపేస్తుంది. తిప్పి తిప్పి అడిగేది మాత్రం ఒకటే. మొదట ఏం చేస్తావు? చచ్చిపోయినవాడు ఎవరినీ కాపాడలేడు. ముందు ఆగు, చుట్టూ చూడు. ఆ తర్వాతే అడుగు."

"గుండె రాయి చేసుకున్నవాళ్ళే పాసవుతారన్నమాట."

"వాళ్ళే బతుకుతారు కూడా. పద, మళ్ళీ మొదటి నుంచి."

మూడు వారాల పాటు మార్లిస్ బంగాళాదుంపలు చెక్కుతూ, గిన్నెలు తోముతూ అదే వల్లించింది. పరీక్షనాడు డెబ్బయ్యో ప్రశ్నకు జవాబు నొక్కగానే తెర ఖాళీ అయిపోయింది. బయటికొచ్చింది. వెర్లిన్ తన ట్రక్కులో కాచుకుని ఉన్నాడు.

"డెబ్బయ్యికే ఆపేసిందా? అయితే నీకు అన్నీ వచ్చి ఉండాలి, లేదా ఏమీ రాకపోయి ఉండాలి."

"ఒక్క మంచి మాట రాదేం నీ నోట?"

"రెండ్రోజుల్లో తేలుతుందిలే. పద, మా ఇంట్లో కాఫీ తాగి పోదువుగాని."

ట్రక్కు పొలంలోకి తిరిగిందో లేదో, పనివాడు యుసేబియో చేతులు ఊపుకుంటూ ఎదురొచ్చాడు. "కోరీ! కోరీ పేడ గోతిలో పడ్డాడు! పంపు బాగుచేద్దామని దిగాడు. కదలట్లేదు! ఫైరింజనుకు ఫోన్ చేశాను!"

కోరీ వెర్లిన్‌కు ఒక్కగానొక్క కొడుకు.

వెర్లిన్ ఇంజను కూడా ఆపలేదు. వెనకే పరిగెత్తిన మార్లిస్ గోతి అంచున ఆగిపోయింది. లోపలి మసకలో కోరీ బూట్లు మాత్రం కనిపించాయి. పేడ గోతిలో ఊరే విషవాయువు సంగతి ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒక్కసారి పీలిస్తే చాలు, మనిషి కూలుతాడు. తీయబోయినవాడు వాడి మీదే కూలుతాడు. అలా ఒకే ఇంట్లో ముగ్గురు పోయిన ఊళ్ళున్నాయి.

వెర్లిన్ నిచ్చెన మీద కాలు పెట్టాడు. మార్లిస్ వెనక నుంచి అతని నడుము వాటేసుకుని ఇవతలికి లాగింది.

"వదులు!"

"ఫైరింజను వస్తోంది వెర్లిన్. మాస్కులు తెస్తున్నారు."

"వాడు నా కొడుకే! వదలవే!"

మోచేత్తో ఒక్కటి పొడిచాడు. ఆమె పెదవి చిట్లింది. అయినా పట్టు వదల్లేదు. "యుసేబియో, కాళ్ళు పట్టుకో!" అని అరిచింది. ఇద్దరూ కలిసి అతన్ని నేలకు అదిమిపెట్టారు. అరవై మూడేళ్ళ మనిషి బురదలో మొహం పెట్టి కొడుకును పిలిచాడు. ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడు. చివరికి గొంతు పోయి, "నీ కాళ్ళు పట్టుకుంటాను మార్లిస్, ఒక్క నిమిషం వదులు," అన్నాడు.

పద్నాలుగు నిమిషాలు పట్టుకుంది.

ఫైరింజను దిగిన ఆర్లో మాస్కు తగిలించుకుని గోతిలోకి వెళ్ళాడు. పైకి వచ్చింది కోరీ శవం.

నాలుగో రోజున చర్చిలో అంత్యక్రియలయ్యాయి. కింది హాల్లో భోజనాలు జరుగుతున్నాయి. మార్లిస్ చల్లారిపోయిన కాఫీ పట్టుకుని ఓ మూల నిలబడింది. పాసైనట్టు నిన్ననే తెలిసింది. ఎవరితో చెప్పడానికీ నోరు రాలేదు. వెర్లిన్ తన వైపే వస్తుంటే తల వంచుకుంది.

అతను రెండు చేతులూ ఆమె భుజాల మీద వేశాడు.

"ఆవేళ నేను దిగి ఉంటే ఇవాళ ఇక్కడ రెండు శవపేటికలుండేవి," అన్నాడు అందరికీ వినబడేలా. "నేను చెప్పిన పాఠం నేనే మరిచిపోయాను. ఈ మనిషి మరిచిపోలేదు. కోరీ కూతురికి ఇంకా తాతంటూ ఒకడు మిగిలాడంటే ఈమె చలవే."

ఆమెను పట్టుకుని భోరుమన్నాడు. నాలుగు రోజులుగా బిగబట్టిన ఏడుపు మార్లిస్‌కూ కట్టలు తెంచుకుంది.

కాస్త తేరుకున్నాక ఆర్లో ఆమెను బయటికి, కార్ల దగ్గరికి పిలిచాడు. ఆమె మొహంలోకి చూడలేక చేతిలోని టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"శవపరీక్ష కాగితం సోమవారం వెర్లిన్ చేతికి వస్తుంది. నీకు ముందే తెలియడం మంచిదని..."

"ఏముంది అందులో?"

"నేను గ్యాసు కొలిచే మీటరు పట్టుకునే దిగాను మార్లిస్. గోతిలో గ్యాసు లేదు. జారిపడి తలకు దెబ్బ తగిలి, జానెడు నీళ్ళలో బోర్లా పడ్డాడు. ఎవరైనా దిగి వెల్లకిలా తిప్పి ఉంటే బతికేవాడు."