లండన్‌లో మంచి చేప దొరకదు

"దీన్ని చేప అంటారా, అమ్మాయ్?" అంది మేవిస్, ఫోర్కుతో ముక్కను దొర్లిస్తూ. "తోలు కూడా తియ్యలేదు. పైన పిండి చూడు, తడిసిన అట్టముక్కలా ఎలా వేలాడుతోందో!"

కోడలు టామ్సిన్ ముఖం చిన్నబుచ్చుకుంది. లోపల మాత్రం మనసు గంతులు వేస్తోంది.

"అయ్యో, మేవిస్ గారూ! ఈ షాపు చాలా బాగుంటుందని అందరూ అన్నారే!"

ఎవరూ అనలేదు. ఈ షాపులో తిన్నవాళ్లు ఫోనుల్లో రివ్యూలు రాసి మరీ శాపనార్థాలు పెట్టారు. అవన్నీ చదివి, ముచ్చటపడి మరీ ఎంచుకుంది టామ్సిన్.

సంగతేమిటంటే, "అమ్మా, ఒక్కదానివీ ఆ సముద్రపొడ్డు విట్బీలో ఎందుకు? లండన్ వచ్చి మాతో ఉండు" అని మొగుడు నైజెల్ తల్లి వెంటపడ్డాడు. మేవిస్ ఒకే ఒక్క షరతు పెట్టింది. "మా ఊళ్లో దొరికేలాంటి ఫిష్ అండ్ చిప్స్ అక్కడ ఒక్కచోట దొరికినా సరే, ఇల్లు అమ్మేసి వచ్చేస్తా. దొరక్కపోతే నన్ను నా మానాన వదిలెయ్." చూసిపోదామని ఒక వారానికి వచ్చింది. నైజెల్‌కు చేప వాసనే పడదు. అందుకని షాపులు తిప్పి చూపించే పని కోడలు నెత్తిన వేసుకుంది. నా పెళ్లాం ఎంత మంచిదో అని వాడు మురిసిపోయాడు, వెర్రి వెధవ.

ఉన్నది రెండు గదుల ఫ్లాటు. అందులోకి అత్తగారు వచ్చి కూర్చుంటే ఇక తన బతుకేం కాను? టామ్సిన్‌కు ఆ ఆలోచనకే నిద్ర పట్టలేదు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, మేవిస్‌ను వెంటబెట్టుకుని ఊరంతా తిప్పింది. నూనె మార్చని షాపు ఒకటి. గడ్డకట్టిన కాడ్ చేపను అలాగే నూనెలో పడేసే షాపు ఇంకొకటి. చేప పక్కన వేసే బఠాణీ ముద్దను డబ్బాలోంచి తీసి చల్లగానే పెట్టే షాపు మరొకటి. ఎక్కడికెళ్లినా మేవిస్ ఒక్క ముక్క కొరికి, ప్లేటు అవతలికి నెట్టేసేది.

"హాడక్ చేప కావాలి. గొడ్డు కొవ్వులో వేగాలి. కొరికితే పక్క బల్లవాడికి వినపడాలి" అని అంటూ ఉండేది. "మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు, తల్లీ."

"లండన్ వాళ్లకేం తెలుసు, మేవిస్ గారూ!" అని టామ్సిన్ వంత పాడేది.

ఈ రోజు మేవిస్ తిరిగి వెళ్లిపోతోంది. కింగ్స్ క్రాస్ స్టేషన్ పక్క సందులో ఈ షాపు. అన్నిటికన్నా దరిద్రమైనదాన్ని టామ్సిన్ చివరికి దాచి ఉంచింది. అత్తగారి పెట్టె బల్ల పక్కనే ఉంది. ఇంకొక్క గంట ఓపిక పడితే, ఆ పెట్టె రైలెక్కేస్తుంది.

మేవిస్ కౌంటరు వైపు తిరిగింది. "బాబూ, ఇది ఎప్పుడు వేయించావు?"

"మధ్యాహ్నమేనమ్మా."

"ఏ రోజు మధ్యాహ్నం?"

షాపువాడు వినపడనట్టు మూకుడు గీక్కుంటూ కూర్చున్నాడు. టామ్సిన్‌కు పగలబడి నవ్వాలనిపించింది. టీ కప్పు అడ్డం పెట్టుకుంది.

మేవిస్ ఫోర్కు కింద పెట్టేసింది. ఉన్నట్టుండి ఆమె గొంతు మెత్తబడింది.

"నిజం చెప్పు, తల్లీ. ఇంత పెద్ద ఊళ్లో నువ్వు ఎరిగిన మంచి షాపు ఒక్కటీ లేదా? మీ మామగారు పోయినప్పటి నుంచీ ఇంట్లో నా దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేదు. కొడుకు దగ్గర ఉండాలని నాకు మాత్రం ఉండదా? కాస్త అటూ ఇటూగా ఉన్నా సర్దుకుంటాను. ఒక్కటి ఉన్నా చెప్పు."

టామ్సిన్‌కు ఒక్క క్షణం జాలేసింది. ఒక్క క్షణమే. ఆ మరుక్షణం తన బాత్రూములో గ్లాసులో తేలుతున్న అత్తగారి కట్టుడు పళ్లు కళ్ల ముందు కదిలాయి.

ఆమె చెయ్యి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ చెప్పింది. "లేదు, మేవిస్ గారూ. నేను చెయ్యని ప్రయత్నం లేదు. ఊరంతా జల్లెడ పట్టేశాను. మీ నోటికి నచ్చే చేప లండన్‌లో లేదు. ఎంతైనా మీకు విట్బీలోనే సుఖం."

మేవిస్ చెయ్యి వెనక్కి తీసుకుంది. కాగితం రుమాలుతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకుంది.

"ఉంది" అంది.

"ఏమిటి?"

"మంచి షాపు. మీ ఇంటి వెనక వీధిలోనే. నువ్వు ఆఫీసుకు వెళ్లాక రోజూ మధ్యాహ్నం అక్కడే తింటున్నా. హాడక్, గొడ్డు కొవ్వు, పైన వేగిన పిండి పలుకులు ఊరికే ఇస్తారు. మా ఊళ్లో కూడా అంత బాగా కుదరదు. నీ పేరు చెబితే, 'మా టామ్సిన్ అత్తగారా మీరు! వారం వారం వస్తుందండీ' అని షాపాయన కుర్చీ తుడిచి మరీ వేశాడు."

"మరి... అంతా తెలిసి... నా వెంట ఎందుకు తిరిగారు?"

"నువ్వెప్పుడు చెబుతావా అని. ముసలిదాన్ని, కుర్రవాళ్ల మధ్య నాకేం పని అని మొదట్లోనే అనుకున్నా. 'ఉంది, రండి' అని నీ నోటితో ఒక్కసారి అని ఉంటే చాలు, పిలిచావన్న తృప్తితో మా ఊళ్లోనే హాయిగా ఉండిపోదును."

మేవిస్ లేచి పెట్టె అందుకుంది. తను కొరికి వదిలేసిన చేప ప్లేటును కోడలి ముందుకు జరిపింది.

"తిని నెమ్మదిగా రా. ఇప్పుడు వెళ్లేది ఇల్లు అమ్మడానికి. నీలాంటిదాని దగ్గర నా బిడ్డను ఒంటరిగా వదిలేస్తానా?"