పది రోజులు ఆపి చూడు

పత్యం మొదలుపెట్టిన రోజు వలి బాషా చేతిలో ఉన్న సరుకు ఆరు మాటలు. ఐదేళ్ల కొడుకు అఫ్రోజ్ నోటి నుంచి రోజు మొత్తానికి అంతకు మించి వచ్చేవి కావు.

గోధుమ, పాలు మాన్పిస్తే మాటలు వస్తాయని భార్య జులేఖా ఫోనులో ఎక్కడో చూసింది. ఆ రోజు నుంచి ఇంట్లో చపాతీ లేదు, పెరుగు లేదు. పిల్లాడికి జొన్న రొట్టె, కొబ్బరి పాలు. రంజాన్ నాడు కూడా వాడి గిన్నెలో సేమియా పడలేదు.

సాయంత్రం ఒక గంట వాణ్ణి బండి ముందు నిలబెట్టుకుని రైలు చూపించుకు రావడం వలి బాషా వంతు. పత్యంలో అతను పడ్డ కష్టం అంతే.

మార్కాపురంలో అతనిది పశువుల దాణా దుకాణం. రైతులు ఊరుకుంటారా?

"ఏం బాషన్నా, మా బర్రెలకేమో గోధుమ పొట్టు అంటగడతావు, కొడుక్కు జొన్న రొట్టెనా?" అన్నాడు నతానియేలు, బస్తా భుజానికెత్తుకుంటూ.

"నీ బర్రెకు మాట్లాడే పని లేదుగదా!"

ఏడు నెలలు గడిచాయి. ఏ రోజు ఎన్ని మాటలు విన్నదీ జులేఖా వంటింటి క్యాలెండరు మీద వేసేది. ఆరు కాస్తా పన్నెండైంది, ఇరవై అయింది, నలభై ఒకటి దాకా వచ్చింది. వేడి. ఊదు. ముంచు. ఇంకొకటి. రైలు.

"ముంచు అని నేనెప్పుడూ అనలే. ఎట్ల పట్టుకున్నాడో!" అని మురిసిపోయింది.

"నా కొడుకు గదా. చెప్పకుండానే పట్టుకుంటాడు" అన్నాడు వలి బాషా, మీసం దువ్వుకుంటూ.

పిల్లల డాక్టరు అఫ్రోజ్ బరువు చూసి ఆశ్చర్యపోయాడు. "ఇట్లాంటి పత్యంలో కొందరు చిక్కిపోతారు. వీడు రెండు కిలోలు పెరిగినాడే! కానీ మాటలు పత్యం వల్లే వచ్చినాయని నేను చెప్పలేనమ్మా. ఆపి చూడండి కావాలంటే."

ఇంటికొచ్చి జులేఖా కూలబడింది. రొట్టెలు తట్టీ తట్టీ ఆమె మణికట్లు వాచి ఉన్నాయి. ఆపాలని ఉంది. ఆపితే వచ్చిన మాటలన్నీ పోతాయేమోనని భయం.

"ఆపు. ఏం కాదు" అన్నాడు వలి బాషా.

"నీకెట్ల తెలుసు?"

"కొత్త దాణా పనిచేస్తుందా లేదా అని అడిగే రైతుకు నేనేం చెప్తా? పది రోజులు ఆపి చూడు. పాలు తగ్గితే దాణా గొప్ప. తగ్గకుంటే నీ బర్రె గొప్ప."

"వీడేమన్నా బర్రెనా?"

"పూచీ నాది. ఒక్క మాట తగ్గినా, ఇంక జన్మలో నీ వంట మీద నోరెత్తను."

ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఏ సరుకుకూ అతను ఇంత ధీమాగా పూచీ పడలేదు. తెలివైనవాడి ధీమా ఇట్లాగే ఉంటుందని తనలో తనే మెచ్చుకున్నాడు.

చపాతీ వచ్చింది. పాల గ్లాసు వచ్చింది. ఇంట్లోనే కడుపు నిండుతోంది కాబట్టి సాయంత్రాలు పిల్లాడు ఇంట్లోనే ఉన్నాడు. వలి బాషాకు దుకాణంలో ఒక గంట బేరం కూడా కలిసొచ్చింది.

మూడో రోజు ముప్పై మాటలు. ఆరో రోజు ఇరవై రెండు. పదో రోజు అఫ్రోజ్ గ్లాసు ఎత్తి పాలన్నీ తాగేసి, మూతి తుడుచుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పదకొండు.

జులేఖా క్యాలెండరు మేకు నుంచి తీసి భర్త ముందు పెట్టింది. "చూసుకో. పాలు తగ్గినాయి. దాణా గొప్పా, బర్రె గొప్పా?"

వలి బాషా క్యాలెండరు తీసుకెళ్ళి మళ్ళీ మేకుకు తగిలించాడు.

"మళ్ళీ మొదలుపెట్టు" అన్నాడు. "అన్నీ మునుపటి మాదిరే జరగాల."

పెళ్ళయ్యాక అతను ఇంత మెత్తగా ఓడిపోవడం ఆమె చూడలేదు. మర్నాడు జొన్న రొట్టె వచ్చింది. సాయంత్రం బండీ కదిలింది.

నెల తిరిగేసరికి నలభై ఆరు.

జులేఖా గిద్దలూరులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. "అంతా పత్యమే, నసీమా! ఒక్క ముక్క గోధుమ తగలనీలేదు నేను. ఆపమన్న మొనగాడు ఇక్కడే కూర్చున్నాడు, నోట మాట లేదు చూడు!"

వలి బాషా లెక్క చూసుకున్నాడు. ఆరు పోను నలభై మాటలు లాభం. అన్నీ కొడుకు ఖాతాలోవే. తనకు మాత్రం నోరెత్తే హక్కు కూడా మిగల్లేదు.

ఎత్తితే, ఆ ఏడు నెలల్లో అఫ్రోజ్ ఒక్క రోజూ పత్యం చేయలేదనీ, రోజూ సాయంత్రం స్టేషను ఎదుటి టీ కొట్టులో, నోరు తెరిచి అడిగితేనే ముక్క చొప్పున, పాలూ బన్నూ వాడికి తినిపించింది తానేననీ చెప్పాలి.