మూడు కొటేషన్లు

"మల్లేషన్నా, మీది మూడో నంబరుకు వచ్చింది," అంది సైటు ఇంజనీరు నిఖిత, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

సెంట్రింగ్ మేస్త్రి మల్లేష్‌కు అర్థం కాలేదు. వచ్చినవే మూడు కొటేషన్లు. మూడింట్లో తక్కువ రేటు తనది. తక్కువకు చేస్తానన్నవాడు చివరికెట్లా పోతాడు?

"జర మంచిగ చూడుండ్రి మేడం. నాది అడుగుకు పది రూపాలు తక్కువుంటది."

"మిగతా ఇద్దరు ఎంత రాసిండ్రో మీకెట్ల తెల్సు?"

మల్లేష్ నాలుక కరుచుకున్నాడు. "ఊకె అంటున్న మేడం. బజార్ల అందరు గంతే ఏస్తరు."

నిజానికి మూడు కొటేషన్లూ అతని సంచిలోంచి వచ్చినవే. మంచిర్యాల బైపాస్ మీద ఫంక్షన్ హాలు లేస్తోంది. స్లాబ్ పనికి మూడు కొటేషన్లు కావాలన్నారు. ఒకటి తన పేరు మీద రాశాడు. ఇచ్చోడ ఊరి మేస్త్రి నాగయ్య దగ్గర ఖాళీ లెటర్‌హెడ్ తీసుకుని రెండోదీ తనే నింపాడు. మూడోది భార్య జమున పేరు మీద. "నా రేటు మీద పది ఎక్కువేసి, నిండుగ రాసి, కవరు అతికియ్యి" అని ఆమెకే అప్పగించాడు. మేస్త్రీలందరూ చేసే పనే కాబట్టి అతనికి ఇందులో తప్పేమీ కనబడలేదు. ఈ పని పోతే మాత్రం వానాకాలం వెళ్లేదాకా చేతిలో ఇంకో పని లేదు.

"నేను చూసేదేం లేదన్నా. ఏఐ చూసింది," అంది నిఖిత. "మా సారు గీ సైటు నుంచి గిదే పద్ధతి పెట్టిండు. అది ఎవలి పేరు చెప్తే వాళ్లకే పని."

"నాది ఎందుకు కిందికి పోయిందో జర దాన్నే అడుగుండ్రి."

ఆమె అడిగింది. తెర మీద వచ్చింది చదివింది.

"స్లాబ్ పోసినంక పద్నాలుగు దినాలు నీళ్లు పట్టే మనిషి మీ దాంట్ల లేదంట. స్లాబ్ కింద పెట్టే పలకలకు నూనె రాసే మనిషి లేదు. సామానుకు కావలి లేదు. నాగయ్యది గూడ గంతే. కని ఆయన రేటు ఎక్కువున్నది, ఆ ఎక్కువ పైసలకెళ్లి సర్దుకుంటడంట."

"గవన్ని అయితయి మేడం. ఎన్నడు ఆగలే."

"ఎవలు చేస్తరు?"

"మా ఇంట్ల మనిషి ఉన్నది గదా."

"ఆమె కూలి ఏడ రాసిండ్రు?"

మల్లేష్ అయోమయంగా చూశాడు. ఎండకు కిరాయి ఎంత కడుతున్నావని అడిగినట్టుంది అతనికి.

"ఇంట్ల మనిషికి కూలేంది మేడం?"

నిఖిత ఆ ముక్క కూడా టైపు చేసి, జవాబు పైకి చదివింది. "'పని ఉంది, కూలి లేదు. ఆ మనిషి ఒక్కరోజు రాకపోయినా పని ఆగుతుంది. ఈ రేటును నమ్మడం కష్టం.'"

మిషన్‌తో కొట్లాడడం ఎలాగో మల్లేష్‌కు తెలియదు. "మరి ఒకటో నంబరు ఎవలది?" అన్నాడు నీరసంగా.

"జమున సెంట్రింగ్ వర్క్స్. గిట్ల రాయాలన్నా కొటేషన్ అంటే," అంటూ ఆమె కాగితాలు అతని ముందుకు జరిపింది.

ఆ కవరులో ఏముందో మల్లేష్ చూడడం అదే మొదలు. రేటు తను చెప్పినట్టే పది ఎక్కువ. దాని కింద రెండు పేజీలు. నీళ్లు పట్టే మనిషికి ఇంత, నూనె రాసే మనిషికి ఇంత, పలకలకున్న మేకులు పీకి ఏరే మనిషికి ఇంత, కావలికి ఇంత, కూలోళ్లకు చాయ్ కాచేందుకు ఇంత. ఏ వరుస చదివినా జమునే కనబడింది. అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనుకున్నాడు గానీ, ఊడిందెక్కడ? పని తన ఇంటికే వచ్చింది. పేరు ఎవరిదైతేనేం, చేయించేది తనే, పైసలు పడేది తన చేతిలోనే.

"ఈమె మీకెరుకేనా?" అడిగింది నిఖిత.

ఒకే ఇంట్లోంచి వచ్చాయని తెలిస్తే మూడూ చింపి పారేస్తారు.

"పేరు విన్న మేడం," అన్నాడు పదిహేనేళ్లు కాపురం చేసిన మొగుడు.

నిఖిత ఫోను కలిపి స్పీకరు పెట్టింది. జమున ఎక్కడ నోరు జారుతుందోనని మల్లేష్ ఫోను మీదికి వంగాడు.

"నమస్తే మేడం."

"కొటేషన్లన్ని ఏఐల ఏసి చూస్తే పని మీకే అయింది. ఎన్నడు మొదలుపెడ్తరు?"

"సోమారం మేడం."

"కూలోళ్లున్నరా?"

"ఎనిమిది మంది ఉన్నరు. నిన్ననే మాట్లాడిన. కూలి ఎంతిస్తనో గూడ చెప్పిన, ఒప్పుకున్నరు."

మల్లేష్‌కు మళ్లీ తికమకైంది. ఎనిమిది మందంటే తన మనుషులే. నిన్నటికింకా పని ఎవరిదో తేలనేలేదు. ఏ ధైర్యంతో మాట్లాడింది?

"మరి మేస్త్రి ఎవలు?"

మల్లేష్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. పెళ్లయిన నాటి నుంచి జమున ఏనాడూ అతన్ని పేరు పెట్టి అనలేదు. ఇప్పుడు అంది.

"మల్లేష్ అని ఒకాయన ఉన్నడు మేడం, పనిమంతుడే. గాయనను గూడ కొటేషన్ ఇయ్యమన్రి, ఇంకిద్దరివి వచ్చినంక మీ తీరుగనే ఏఐల ఏసి చూస్కొని చెప్త."