గాసన్న పెళ్ళాం వాటా

అరకులో కట్టెల పొయ్యిలో పిజ్జా కాలుస్తారంటే, చీకటిపడ్డాక మావారితో వెళ్ళాను. మేమిద్దరమే గిరాకీ. వంటాయన గాసన్న తొలి ముక్కని మా పక్కనున్న ఖాళీ కుర్చీ ముందు పెట్టాడు.

"మా ఆడదానికమ్మా. పోయి నెలైంది. పోయినోళ్ళకి పెట్టందే మేం తినం. రోజూ పెడతన్నాను, ముట్టదు. నామీద కోపమేటో!"

"కోపం కాదు నాయనా, ఆ చీజ్ నాకే సయించదు. చోడిపిండితో కాల్చి, పచ్చిమిర్చి నూరి వెయ్యి" అన్నాను.

ఆ రాగిపిండి పిజ్జా బేగి కాల్చి తెచ్చి, కుర్చీకి దణ్ణం పెట్టాడు. మావారు నమలడం ఆపేశారు. నమిలే చప్పుడు మాత్రం ఆగలేదు. ఖాళీ కుర్చీలో ఎవరికో కారానికి పొలమారింది.

ఇంట్లో మావారికి పొలమారితే ఇచ్చే అలవాటు కదా, నా నీళ్ళగ్లాసు అటు జరిపాను. నీళ్ళు మెల్లగా తగ్గుతున్నాయి.

"ఇంకోటి కాల్చీనా?" గాసన్న మరో పిండిముద్ద చేతిలోకి తీసుకున్నాడు. అడిగింది మమ్మల్ని కాదు.